ఫ్రేమ్ రిలేలో రద్దీ కబురు: ఫెకన్, బెకన్, డీఈ చదవడం, సీఐఆర్‌కు తగ్గట్టు ట్రాఫిక్‌ను అదుపులో పెట్టడం

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర హెడ్డాఫీసు ఉంది, గుంటూరు పట్నంబజారులో, తెనాలిలో, బందరులో బ్రాంచీలు ఉన్నాయి అనుకుందాం. హెడ్డాఫీసు లైను 512 కేబీపీఎస్, గుంటూరుది 128, మిగతా రెండూ 64. మధ్యలో ప్రొవైడర్ ఫ్రేమ్ రిలే స్విచ్చులు: దూరపు ఆఫీసుల మధ్య డేటాను ఫ్రేములనే పొట్లాలుగా చేరవేసే పాత పద్ధతి ఫ్రేమ్ రిలే. మిర్చి సీజన్‌లో సాయంత్రం అయ్యేసరికి గుంటూరు కంప్యూటర్లలో పేజీలు తెరుచుకోవు. లైను పెంచమని అర్జీ పెట్టేముందు రౌటర్‌లో కొన్ని అంకెలు చూడాలి. చాలాసార్లు రద్దీ ఉన్నది మీరు అనుమానించిన చోట కాదు, దాని అవతలి కొసలో.

ఫ్రేమ్ రిలే కొత్తగా ఎవరూ వేయడం లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ కూడా 2016లో దాన్ని వదిలేసింది. కానీ పాత లింకులు నడిపేవాళ్లకూ ల్యాబుల్లో నేర్చుకునేవాళ్లకూ ఇది తెలియాలి. పైగా ఇక్కడి సీఐఆర్ (ప్రొవైడర్ ఒప్పుకున్న వేగం), బర్స్ట్ (కాసేపు ఎక్కువగా పంపే బిట్లు) లెక్కలే నేటి ఈథర్నెట్ లీజుడ్ లైన్ల పోలీసింగ్‌లోనూ, అంటే హద్దు దాటిన ట్రాఫిక్‌ను ఆపడంలోనూ, కనిపిస్తాయి.

కింద ఇచ్చిన ఆదేశాలు సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌వి. వాటిని తెలుగు అక్షరాల్లో రాశాం. రౌటర్‌కు మాత్రం ఇంగ్లిషులోనే, హైఫన్లతో సహా కొట్టాలి.

రెండు బైట్లలో మూడు బిట్లు

ఫ్రేమ్ రిలే హెడర్ మామూలుగా రెండు బైట్లు. మొదటి బైట్‌లో డీఎల్‌సీఐ (ఫ్రేమ్ ఏ దారిదో చెప్పే నంబర్) పై ఆరు బిట్లు, తర్వాత సీఆర్ బిట్ (ఇక్కడ దానితో పని లేదు), చివర ఈఏ బిట్ (హెడర్ ఇంకా ఉందా, అయిపోయిందా చెప్పేది). రెండో బైట్‌లో డీఎల్‌సీఐ మిగిలిన నాలుగు బిట్లు, వాటి వెనక వరుసగా రద్దీ కబురు చెప్పే ఫెకన్, బెకన్, రద్దీలో ముందు పారేయొచ్చని చెప్పే డీఈ, చివర ఈఏ. మొత్తం కథ ఈ రెండో బైట్‌లోనే ఉంది.

విజయవాడ రౌటర్‌లో గుంటూరు పీవీసీకి (రెండు కొసల మధ్య ప్రొవైడర్ శాశ్వతంగా ఏర్పరచిన దారి) డీఎల్‌సీఐ 102 ఇచ్చారనుకుందాం. బైనరీలో అది 0001100110. ఏ బిట్టూ వెలగని ఫ్రేమ్ హెడర్ హెక్స్‌లో 18 61. ఫెకన్ వెలిగితే 18 69, బెకన్ వెలిగితే 18 65, డీఈ వెలిగితే 18 63. ప్యాకెట్ క్యాప్చర్ తెరిచినప్పుడు ఈ నాలుగూ గుర్తుంటే డీకోడర్ మీద ఆధారపడక్కర్లేదు. ‘షో ఫ్రేమ్-రిలే మ్యాప్’ ఇదే డీఎల్‌సీఐకి 1860 అని చూపిస్తుంది. చివరి ఈఏ బిట్‌ను సున్నాగా లెక్కేయడం వల్ల ఆ తేడా వస్తుంది, తప్పేం కాదు.

డీఎల్‌సీఐ ఆ లైనుకే పరిమితం. విజయవాడలో 102 అయిన పీవీసీయే గుంటూరులో 201 కావచ్చు. గుంటూరువాళ్లతో ఫోన్లో మాట్లాడుతూ ‘102లో బెకన్ చూడండి’ అంటే వాళ్లకు అక్కడ 102 అనేదే కనపడదు. రెండు కొసల నంబర్లూ ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన అంటించుకోండి.

కబురు ఎవరికి వెళ్తుంది

ప్రకాశం బ్యారేజీకి వరద వచ్చినప్పుడు కబురు రెండు వైపులా వెళ్తుంది. దిగువన ఉన్న లంక గ్రామాలకు ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఎగువన పులిచింతల నుంచి ఎంత వదులుతున్నారో కనుక్కుని తగ్గించమంటారు. ఫెకన్ మొదటి రకం కబురు: రద్దీ ఉన్న స్విచ్ తన ముందుకు, అంటే డేటా వెళ్తున్న దిక్కుకే, వెళ్లే ఫ్రేముల్లో ఆ బిట్ పెడుతుంది. అది గమ్యానికి చేరుతుంది. బెకన్ రెండో రకం: అదే పీవీసీలో ఎదురు దిక్కున వస్తున్న ఫ్రేముల్లో పెడుతుంది. అది పంపేవాడికి చేరుతుంది.

ఈ పోలికలో ముఖ్యమైనది ఒకటే. కబురు అందినంత మాత్రాన ఎగువన గేటు దానంతట అది దిగదు, ఎవరో దించాలి. ఫ్రేమ్ రిలేలోనూ అంతే. స్విచ్ బిట్ పెడుతుంది, రౌటర్ ఆ బిట్‌ను లెక్కించి కౌంటర్లో వేస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. బెకన్‌కు స్పందించమని మీరు చెప్పకపోతే రౌటర్ పాత వేగంతోనే పంపుతూ ఉంటుంది. అవతల కంప్యూటర్లో డేటా పూర్తిగా చేరేలా చూసే టీసీపీకి ఈ బిట్ల సంగతే తెలియదు, ఎందుకంటే రౌటర్ ఫ్రేమ్ హెడర్‌ను విప్పి పారేసి లోపలి ఐపీ ప్యాకెట్‌ను మాత్రమే ముందుకు పంపుతుంది. (ఐపీకి సొంతంగా రద్దీ బిట్లు 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3168తో వచ్చాయి. అవి వేరే.) టీసీపీకి రద్దీ తెలిసేది ప్యాకెట్ పోయాకే. ఫైలు కాపీలు ఆగుతూ ఆగుతూ నడవడానికి కారణం అదే.

పోలిక సరిపోని చోటు కూడా ఉంది. బ్యారేజీ నీళ్లను పారబోయలేదు, స్విచ్ ఫ్రేములను పారబోస్తుంది. ఎవరివి ముందు పారబోయాలో చెప్పేదే డీఈ బిట్. డీఈ వెలిగిన ఫ్రేమ్‌ను రద్దీలో ముందు వదిలేస్తారు. డీఈ లేని ఫ్రేమ్‌కు భరోసా ఉందనుకోవద్దు, క్యూ పూర్తిగా నిండితే అదీ పోతుంది.

కౌంటర్లు చదవడం

విజయవాడ రౌటర్‌లో ‘షో ఫ్రేమ్-రిలే పీవీసీ 102’ కొట్టండి. అందరూ తికమకపడేది దిక్కు దగ్గరే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

‘ఇన్ బెకన్’ పెరుగుతుంటే: విజయవాడ నుంచి గుంటూరుకు వెళ్లే దారిలో రద్దీ. మీరే ఎక్కువ పంపుతున్నారు, తగ్గాల్సింది మీరు.

‘ఇన్ ఫెకన్’ పెరుగుతుంటే: గుంటూరు నుంచి విజయవాడకు వచ్చే దారిలో రద్దీ. మీరు మీ రౌటర్‌లో ఏం చేసినా ఇది తగ్గదు, మార్పు గుంటూరు రౌటర్‌లో చేయాలి.

‘ఇన్ డీఈ’ పెరుగుతుంటే: అవతలి రౌటర్ తన సీఐఆర్ దాటి పంపుతోంది, ప్రొవైడర్ స్విచ్ వాటికి డీఈ గుర్తు వేసి పంపింది. లేదా అవతలి రౌటరే డీఈ వేస్తోంది. డీఈ ఉన్నా ఫ్రేములు వచ్చాయంటే ప్రస్తుతానికి నెట్‌వర్క్‌లో ఖాళీ ఉందన్నమాట.

‘డ్రాప్డ్’ మీ రౌటరే పారేసిన ప్యాకెట్లు. ప్రొవైడర్ నెట్‌వర్క్‌లో పోయినవి ఇక్కడ కనపడవు. ‘ఔట్ ఫెకన్’, ‘ఔట్ బెకన్’ మామూలు బ్రాంచి రౌటర్‌లో సున్నాగానే ఉంటాయి.

ఈ అంకెలు రౌటర్ ఆన్ అయినప్పటి నుంచి పోగవుతూ వస్తాయి. మొత్తం చూసి కంగారు పడొద్దు, తేడా చూడాలి. సాయంత్రం రద్దీ వేళ ఒకసారి రాసుకుని అయిదు నిమిషాలయ్యాక మళ్లీ రాయండి. ఉదాహరణకు ఇన్‌పుట్ ప్యాకెట్లు 48,210 నుంచి 60,210కి, ఇన్ బెకన్ 3,105 నుంచి 4,005కి వెళ్లాయనుకోండి. 12,000 ఫ్రేముల్లో 900, అంటే నూటికి ఏడున్నర. అది నిలకడైన రద్దీ. నూటికి ఒకటిలోపు, అదీ అప్పుడప్పుడూ వస్తుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

బెకన్ సున్నా ఉంటే రద్దీ లేదని తేల్చేయకండి. ఈ బిట్లు పెట్టాలా వద్దా అన్నది స్విచ్ నడిపేవాళ్ల ఇష్టం, కొన్ని చోట్ల అసలు పెట్టరు. అలాంటప్పుడు రెండు కొసల్లో ఒకే నిమిషంలో లెక్క తీయండి: విజయవాడ 102లో ఔట్‌పుట్ ప్యాకెట్ల పెరుగుదల, గుంటూరు 201లో ఇన్‌పుట్ ప్యాకెట్ల పెరుగుదల. మధ్యలో వందల్లో తేడా ఉంటే ఫ్రేములు దారిలో పోతున్నాయి, బిట్ ఉన్నా లేకున్నా.

లెక్క: సీఐఆర్, బీసీ, బీఈ, టీసీ

‘మాది 128 లైను’ అని చెప్పేది యాక్సెస్ రేటు, అంటే తీగ వేగం. సీఐఆర్ వేరు. అది ప్రొవైడర్ ఒక్కో పీవీసీకి ఒప్పుకున్న వేగం. ఒప్పందం కాగితంలో సీఐఆర్‌తో పాటు బీసీ, బీఈ కూడా చూడండి, లేకపోతే అడిగి రాయించుకోండి. బీసీ అంటే ఒక టీసీలో భరోసాతో తీసుకునే బిట్లు. బీఈ అంటే దానికి మించి ‘చూద్దాంలే’ అని తీసుకునే బిట్లు. టీసీ ఆ లెక్క కట్టే వ్యవధి, రైల్లో టికెట్లు అడిగేవాడితో దీనికి సంబంధం లేదు. సూత్రం ఒకటే: టీసీ = బీసీ ÷ సీఐఆర్.

గుంటూరు పీవీసీకి సీఐఆర్ 64,000, బీసీ 64,000, బీఈ 64,000 అనుకుందాం. టీసీ ఒక సెకను. గుంటూరు రౌటర్ సెకనులో మొదటి 64,000 బిట్లు పంపితే అవి మామూలుగా వెళ్తాయి. తర్వాతి 64,000 డీఈ గుర్తుతో వెళ్తాయి. ఆ పైవి లోపలికి రాకముందే స్విచ్ పారేస్తుంది. ఇక్కడ తీగ వేగమే 128 కాబట్టి పారేసేదాకా రాదు. అదే విజయవాడ వైపు తీగ 512, కాబట్టి అక్కడ వస్తుంది. కొందరు సీఐఆర్ సున్నాతో చవక లైను కొంటారు. ప్రతి ఫ్రేమూ డీఈతోనే ప్రయాణం చేస్తుందని తెలిసి కొంటే సరే.

రద్దీకి మూలం ఈ వేగాల తేడాలోనే దొరుకుతుంది. విజయవాడ 512 వేగంతో గుంటూరుకు తోస్తుంది, గుంటూరు చివరి తీగ 128 మాత్రమే. గుంటూరు ఎక్స్ఛేంజిలోని స్విచ్ క్యూ నిండుతుంది. ఎదురు దిక్కున ఇంకో సమస్య: బ్రాంచీల యాక్సెస్ రేట్లు 128, 64, 64 కలిపినా 256, హెడ్డాఫీసు 512 దాన్ని మోస్తుంది. కానీ బ్రాంచీలు పన్నెండు అయిన రోజున అన్నీ ఒకేసారి రోజువారీ లెక్కలు పంపితే విజయవాడ లైను దగ్గరే క్యూ కడతాయి. మొదటి రకానికి మందు విజయవాడలో షేపింగ్ (పంపే వేగాన్ని రౌటరే అదుపులో పెట్టడం), రెండో రకానికి ప్రతి బ్రాంచిలో షేపింగ్. రెండింటికీ ఒకే చోట మందు వేస్తే ఒకటి తగ్గదు.

షేపింగ్ పెట్టడం

ప్రొవైడర్ టీసీ ఒక సెకను అయినా రౌటర్‌లో అంత పెట్టొద్దు. 512 తీగ మీద 64,000 బిట్లు 125 మిల్లీసెకన్లలో అయిపోతాయి, మిగతా 875 మిల్లీసెకన్లు మౌనం. దూరపు యంత్రంలో టైపు చేసే టెల్నెట్‌లో అక్షరాలు ఆగి ఆగి వస్తాయి. డేటాకు బీసీని సీఐఆర్‌లో ఎనిమిదో వంతు పెట్టడం మామూలు పద్ధతి: బీసీ 8,000, టీసీ 125 మిల్లీసెకన్లు. అప్పుడు 15.6 మిల్లీసెకన్లు పంపి 109 మిల్లీసెకన్లు ఆగుతుంది.

విజయవాడ రౌటర్‌లో ముందు మ్యాప్-క్లాస్ (ఒక పీవీసీకి తగిలించే షేపింగ్ అంకెల జాబితా) రాయండి, ఇంటర్‌ఫేస్ జోలికి తర్వాత వెళ్లండి. ఈ వరస మార్చకండి, కారణం కింద ఉంది.

మ్యాప్-క్లాస్ ఫ్రేమ్-రిలే గుంటూరు
ఫ్రేమ్-రిలే సీఐఆర్ 64000
ఫ్రేమ్-రిలే బీసీ 8000
ఫ్రేమ్-రిలే బీఈ 0
ఫ్రేమ్-రిలే మిన్‌సీఐఆర్ 32000
ఫ్రేమ్-రిలే అడాప్టివ్-షేపింగ్ బెకన్

తర్వాత గుంటూరు సబ్‌ఇంటర్‌ఫేస్‌లో (సీరియల్ పోర్టులో ఆ పీవీసీకి విడిగా చేసిన భాగం) ‘ఫ్రేమ్-రిలే ఇంటర్‌ఫేస్-డీఎల్‌సీఐ 102’, దాని కింద ‘క్లాస్ గుంటూరు’. తెనాలి, బందరులకూ అలాగే వాటి లెక్కలతో. అన్నీ అయ్యాక మాత్రమే అసలు సీరియల్ ఇంటర్‌ఫేస్‌లో ‘ఫ్రేమ్-రిలే ట్రాఫిక్-షేపింగ్’.

కారణం: ఆ చివరి ఆదేశం పడగానే క్లాస్ లేని ప్రతి పీవీసీకీ రౌటర్ సొంతంగా 56,000 సీఐఆర్ పెట్టుకుంటుంది. ముందే కొట్టేస్తే 512 లైను మీద ప్రతి బ్రాంచీ 56కి పడిపోతుంది, అన్ని ఊళ్ల నుంచీ ఒకేసారి ఫోన్లు మొదలవుతాయి. క్లాస్ పేరులో ఒక్క అక్షరం తప్పినా, పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా ఇదే గతి. రౌటర్ తప్పు అని చెప్పదు, మౌనంగా 56 పెడుతుంది. అందుకే పెట్టిన వెంటనే ‘షో ట్రాఫిక్-షేప్’ చూడండి. ఎక్కడైనా 56000 కనపడిందంటే ఆ పీవీసీకి క్లాస్ అంటుకోలేదు.

బీఈ సున్నా ఎందుకు? సీఐఆర్ దాటి పంపిందంతా డీఈతో వెళ్తుంది, సాయంత్రం రద్దీలో అదే ముందు పోతుంది. పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపుతుంది, కాబట్టి వేగం పెరిగినట్టే ఉండి పని తరుగుతుంది. పగటిపూట ఖాళీ నెట్‌వర్క్‌లో అదనపు వేగం కావాలనుకుంటే సీఐఆర్‌ను 128000, బీసీని 16000 పెట్టి, మిన్‌సీఐఆర్‌ను (బెకన్లు వచ్చినా ఇంతకంటే దిగని వేగం) అసలు ఒప్పందం సీఐఆర్ 64000 దగ్గర ఉంచి, అడాప్టివ్ షేపింగ్ (బెకన్‌ను బట్టి వేగం తగ్గించడం) మీద వదిలేయడం ఒక మార్గం. బెకన్లు నిజంగా పెట్టే ప్రొవైడర్ దగ్గరే ఇది పనిచేస్తుంది. పెట్టకపోతే రౌటర్ ఎప్పటికీ తగ్గదు.

బెకన్ వస్తే ఏమవుతుంది

పై క్లాస్‌లో రౌటర్ ప్రతి 125 మిల్లీసెకన్లకూ 1,000 బైట్ల జమ వేసుకుంటుంది. ఆ వ్యవధిలో ఒక్క బెకన్ వచ్చినా జమ నాలుగో వంతు తగ్గి 750 అవుతుంది. మళ్లీ వస్తే 562. మళ్లీ వస్తే 500 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే మిన్‌సీఐఆర్ 32,000 కంటే దిగదు. అంటే 64 నుంచి 48, 36, 32 కేబీపీఎస్‌కు అర సెకను లోపే. పైకి ఎక్కడం మాత్రం నెమ్మది. 16 వ్యవధులు, అంటే రెండు సెకన్లు, ఒక్క బెకన్ కూడా రాకపోతేనే మెట్టుమెట్టుగా పెంచుతుంది. మెట్టు బీసీ, బీఈల మొత్తంలో పదహారో వంతు, ఇక్కడ 500 బిట్లు. ‘షో ఫ్రేమ్-రిలే పీవీసీ 102’లో ‘బైట్ ఇంక్రిమెంట్’ చూస్తూ ఉంటే ఈ దిగడం ఎక్కడం కంటికి కనపడుతుంది.

మిన్‌సీఐఆర్ రాయకపోతే రౌటర్ సీఐఆర్‌లో సగం తీసుకుంటుంది.

బెకన్ రావాలంటే ఎదురు నుంచి ఏదో ఒక ఫ్రేమ్ రావాలి. ఒక దిక్కునే పారే వీడియో, యూడీపీ లాంటి ట్రాఫిక్‌లో స్విచ్ బిట్ పెట్టడానికి వాహనమే ఉండదు. అవతలి కొసకు ఫెకన్లు కుప్పలుగా చేరుతుంటాయి, పంపేవాడికి కబురే ఉండదు. మ్యాప్-క్లాస్ లేకుండా ఇంటర్‌ఫేస్ మీదే పెట్టే జెనెరిక్ షేపింగ్ వాడే చోట అవతలి రౌటర్‌లో ‘ట్రాఫిక్-షేప్ ఫెకన్-అడాప్ట్’ పెడితే, ఫెకన్ అందిన రౌటర్ తనే ఒక చిన్న టెస్ట్ ఫ్రేమ్‌లో బెకన్ పెట్టి తిప్పి పంపుతుంది.

డీఈని మీరే వేయడం

ఎలాగూ కొన్ని పోతాయి అన్నప్పుడు ఏవి పోవాలో మీరు చెప్పొచ్చు. రాత్రి బ్యాకప్ ట్రాఫిక్‌ను యాక్సెస్-లిస్ట్ 101లో (ఏ ప్యాకెట్లో ఎంచే జాబితా) పట్టుకుని ‘ఫ్రేమ్-రిలే డీఈ-లిస్ట్ 1 ప్రోటోకాల్ ఐపీ లిస్ట్ 101’ గ్లోబల్‌గా, ‘ఫ్రేమ్-రిలే డీఈ-గ్రూప్ 1 102’ ఇంటర్‌ఫేస్‌లో. బిల్లింగ్ ట్రాఫిక్‌కు పొరపాటున తగలలేదని గుంటూరులో ‘ఇన్ డీఈ’ చూసి నిర్ధారించుకోండి.

లైను మీద మాటలు కూడా నడిపితే

ఫోన్ మాటలు కూడా ఇదే లైను మీద పంపితే ఈ లెక్కలన్నీ మారతాయి. టీసీ 10 మిల్లీసెకన్లు, అంటే బీసీ సీఐఆర్‌లో నూరో వంతు, 64,000కి 640. బీఈ తప్పకుండా సున్నా. సీఐఆర్ ఒప్పందాన్ని మించకూడదు, బెకన్ వచ్చాక తగ్గేసరికే మాట తెగిపోతుంది. 64 కేబీపీఎస్ తీగ మీద 1,500 బైట్ల ఫ్రేమ్ ఒక్కటే 187 మిల్లీసెకన్లు ఆక్రమిస్తుంది, వెనక మాట ఆగిపోతుంది. అందుకే ముక్కలు చేయాలి: 64 తీగకు ‘ఫ్రేమ్-రిలే ఫ్రాగ్మెంట్ 80’, 128 తీగకు 160. ముక్క సైజు నెమ్మది కొస తీగను బట్టి పెట్టాలి. విజయవాడ 512ను చూసి 640 పెట్టడం తరచూ జరిగే తప్పు.

ల్యాబ్‌లో చేసి చూడటం

రౌటర్లను కంప్యూటర్లో అనుకరించే జీఎన్ఎస్3లో వచ్చే ఫ్రేమ్ రిలే స్విచ్‌తో బెకన్ చూడాలని గంటలు పోగొట్టుకోవద్దు, డీఎల్‌సీఐలను మార్చి పంపడమే దాని పని. ఐఓఎస్ 12.4 ఉన్న మూడు రౌటర్లు పెట్టి నడిమిదాన్ని స్విచ్‌గా మార్చండి. గ్లోబల్‌గా ‘ఫ్రేమ్-రిలే స్విచింగ్’, రెండు సీరియల్ పోర్టుల్లోనూ ఇంటర్‌ఫేస్ రకం డీసీఈ (ప్రొవైడర్ వైపు కొస), తర్వాత ‘కనెక్ట్’ ఆదేశంతో ఒక పోర్టులోని 102ను రెండో పోర్టులోని 201కి కలపండి.

ఎమ్యులేటర్‌లో సీరియల్ క్లాక్ రేటు ఎంత పెట్టినా తీగ నిజంగా నెమ్మదించదు, కాబట్టి క్యూ కట్టదు, బిట్టూ పడదు. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. మార్గం ఏమిటంటే నడిమి రౌటర్ గుంటూరు వైపు పోర్టులో షేపింగ్ పెట్టి కృత్రిమంగా ఇరుకు చేయడం. ఆ పోర్టులో ‘ఫ్రేమ్-రిలే ఇంటర్‌ఫేస్-డీఎల్‌సీఐ 201 స్విచ్డ్’ కింద ఒక క్లాస్ తగిలించండి. ఆ క్లాస్‌లో సీఐఆర్ 64000, బీసీ 8000, దాంతో పాటు ‘ఫ్రేమ్-రిలే కంజెషన్ థ్రెషోల్డ్ ఈసీఎన్ 20’, ‘ఫ్రేమ్-రిలే కంజెషన్ థ్రెషోల్డ్ డీఈ 50’. క్యూ నూటికి ఇరవై నిండగానే ఫెకన్, బెకన్ పెట్టడం, యాభై నిండితే డీఈ ఫ్రేములను పారేయడం మొదలవుతుంది.

విజయవాడ రౌటర్‌లో షేపింగ్ ఇంకా పెట్టకుండా గుంటూరు ఐపీకి ఎక్స్‌టెండెడ్ పింగ్ కొట్టండి: సైజు 1400, సంఖ్య 5000, టైమౌట్ 0. పింగ్ జవాబులు ఎదురు దిక్కున వస్తాయి కాబట్టి బెకన్‌కు వాహనం దొరుకుతుంది. గుంటూరులో ‘ఇన్ ఫెకన్’, విజయవాడలో ‘ఇన్ బెకన్’ పెరగాలి. అటుది ఇటు కనపడితే ‘కనెక్ట్’ తర్వాత క్లాస్‌ను తప్పు పోర్టుకు తగిలించారు.

ఇప్పుడు విజయవాడలో పై మ్యాప్-క్లాస్‌నే సీఐఆర్ 128000, బీసీ 16000, మిన్‌సీఐఆర్ 64000తో పెట్టి అదే పింగ్ మళ్లీ నడపండి. బైట్ ఇంక్రిమెంట్ 2,000 నుంచి 1,500, 1,125, చివరికి 1,000కి దిగుతుంది. పింగ్ ఆపి రెండు సెకన్లు చూడండి, తర్వాత మెల్లగా పైకి ఎక్కడం మొదలవుతుంది. దిగడమే లేకపోతే ‘అడాప్టివ్-షేపింగ్ బెకన్’ వరస క్లాస్‌లో ఉందో లేదో ముందు చూడండి. ఉన్నా దిగకపోతే అసలు ఇంటర్‌ఫేస్‌లో ‘ఫ్రేమ్-రిలే ట్రాఫిక్-షేపింగ్’ కొట్టడం మరిచారు.